పేరు చూడని ప్రోగ్రాం

నా రిటైర్మెంటు సభలో ఒకే మాటని పదిమంది పది రకాలుగా చెప్పారు. బి.ఏ. హిస్టరీ చదివి, టైపు నేర్చుకుని, చివరికి కంప్యూటర్ విభాగానికి పెద్దనయ్యానట. శాలువా కప్పినాయన అయితే నా జీవితం పాఠ్యపుస్తకంలో పెట్టాలన్నాడు. నా జీవితం గురించి ఆయనకి తెలిసిందల్లా ఆ పొద్దున ఎవరో రాసిచ్చిన అరపేజీ. తర్వాత భోజనాల దగ్గర, కొత్తగా చేరిన పిల్లలు నలుగురు నా పక్కకి కుర్చీలు లాక్కుని, టెక్నికల్ చదువు లేనివాళ్ళకి ధైర్యం వచ్చేలా మీ అనుభవాలు రాయండి మేడం అన్నారు. సరేనన్నాను. తీరా రాయడానికి కూర్చుంటే నా దగ్గర చెప్పాల్సింది ఒక్కటే ఉందని తెలిసింది. అది ధైర్యమిచ్చేది కాదు. అయినా మీకే రాస్తున్నాను, ఎందుకంటే మీ వయసులోనే ఆ పని చేశాను.

మాది ఉదయగిరి. నాయన కూలికి పోయేవాడు, ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు. తొంభైల మొదట్లో మా వాడలో డిగ్రీ పాసైన ఆడపిల్లలు ఇద్దరమే. ఒకదాన్ని నేను, ఇంకొకరు మా పెద్దమ్మ కూతురు. నాకంటే మూడేళ్ళు పెద్దది కాబట్టి అక్క అనేదాన్ని. డిగ్రీ అయిపోయి, ఏం చేయాలో తెలియక నేను ఇంట్లో కూర్చుని ఉంటే, చెయ్యి పట్టుకుని టైపు ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్ళి చేర్పించింది అక్కే. ఆడపిల్లకి మిషనేందని నాయన గొణిగితే, "నీకు గంట కొట్టేది పుట్టుకతోనే వచ్చినాదా చిన్నాయనా? నేర్చుకుంటేనే గదా" అని ఆయన నోరు మూయించింది. ఆమె టీచర్ ట్రైనింగ్ చేసింది. నేను తెలుగు టైపు హయ్యర్ పరీక్ష పాసయ్యాను.

ఆ తెలుగు టైపే నన్ను ఆత్మకూరుకి చేర్చింది. అక్కడ ఎరువుల షాపు వాళ్ళబ్బాయి ఒకాయన, తండ్రి షాపు మేడ మీద కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. నాలుగు మిషన్లు, ఒక ప్రింటర్, ఊళ్ళో ఇంకెవరికీ లేని ఏసీ. ఆఫీసుల నుంచి చేతిరాత జాబితాలు తెచ్చి కంప్యూటర్‌లో ఎక్కించి ఇవ్వడం పని. తెలుగులో ఎక్కించాలి కాబట్టి తెలుగు టైపు వచ్చినవాళ్ళు కావాల్సి వచ్చింది. నేను రోజూ పొద్దున్నే మొదటి బస్సెక్కి ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్ళేదాన్ని. చెప్పులు మెట్ల కిందే విడవాలి. మిషన్లకి దుమ్ము పడదని ఓనరు నమ్మకం. కింద యూరియా బస్తాల వాసన, పైన ఏసీ చలి. రెండూ ఒంటికి పట్టి సాయంత్రానికి ఇంటికి చేరేసరికి అమ్మ నా చీర వాసన చూసి ఎక్కడ పనిచేస్తున్నానో అర్థంకాక తల పట్టుకునేది.

మా మీద ఒక ప్రోగ్రామర్ ఉండేవాడు. నెల్లూరులో కంప్యూటర్ డిప్లొమా చేశాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఎవరినీ తిట్టడు, ఆడవాళ్ళతో వెకిలిగా మాట్లాడడు. కాకపోతే అతని లెక్కలో మనుషులు రెండు జాతులు. ప్రోగ్రాం రాసేవాళ్ళు ఒకటి, టైపు కొట్టేవాళ్ళు ఒకటి. మమ్మల్ని టైపిస్టమ్మలు అనేవాడు. ఒకసారి జాబితాలో ఊళ్ళు వరస తప్పి ఎందుకొస్తున్నాయని అడిగాను. స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండానే, "హిస్టరీ వాళ్ళకి చెప్పినా అర్థం కాదులేమ్మా" అన్నాడు. పక్కన ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మూడేళ్ళు నా గొంతులో ఉండిపోయింది. మీలో ఎవరికైనా అలాంటి నవ్వు నవ్వాల్సి వస్తే దాన్ని దాచుకోకండి, అక్కడే కక్కేయండి. దాచుకున్నది మనచేత ఏం చేయిస్తుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అతను తన ప్రోగ్రాములు ప్రింటు తీసి చూసుకుని, తప్పులుంటే ఆ కాగితాలు చెత్తబుట్టలో వేసేవాడు. రెండు పక్కలా బెజ్జాలుండే ఆ వెడల్పాటి కాగితాలని నేను మడిచి సంచిలో పెట్టుకుని, బస్సులో చదువుకునేదాన్ని. మొదటి నెలలో ఏమీ అర్థం కాలేదు. రెండో నెలలో, ఒకే మాట ఎక్కడెక్కడ వస్తుందో గుర్తుపట్టి పెన్నుతో గీతలు కొట్టడం మొదలుపెట్టాను. తర్వాత, అతను దేన్ని తప్పనుకుని పారేశాడో కనిపెట్టడం పంతంగా మారింది. మంచి ప్రోగ్రాం చదివితే నేర్చుకునేది కొంతే. తప్పు ప్రోగ్రాం చదివితే దాన్ని రాసిన మనిషి ఎలా ఆలోచించాడో కూడా తెలుస్తుంది. మధ్యాహ్నం అతను మెస్సుకి వెళ్ళినప్పుడు మిషను ఖాళీగా ఉండేది. కరెంటు ఉంటే ఆ ముప్పావు గంట నాది. నా అన్నం గిన్నె సాయంత్రం బస్సులో తెరిచేదాన్ని.

ఇలా ఉండగా మాకు పనిచ్చే రెవెన్యూ ఆఫీసు నుంచి కొత్త బేరం వచ్చింది. ఉదయగిరి, వరికుంటపాడు పక్క రేషన్ కార్డుల జాబితాలు అప్పటికే మేము ఎక్కిస్తున్నాం. కొందరు రెండు ఊళ్ళలో రెండు పేర్లతో కార్డులు తీసుకున్నారని, అలాంటి దొంగ కార్డులని కంప్యూటరే పట్టివ్వాలని ఆఫీసరు అడిగాడు. పట్టిస్తే రెండేళ్ళ పని మాకే. లేకపోతే నెల్లూరులో ఇంకెవరికో పోతుంది. ఓనరు ఆ పని ప్రోగ్రామర్‌కి అప్పగించాడు. అతను ఒకే పేరు రెండుచోట్ల ఉందేమోనని వెతికే ప్రోగ్రాం రాశాడు. దొంగ కార్డు తీసుకునేవాడు పేరు మార్చకుండా తీసుకుంటాడా? దొరికినవాళ్ళంతా ఒకే పేరున్న వేరువేరు మనుషులు. రెండు వారాలు తంటాలు పడి, ఇది కంప్యూటర్‌తో అయ్యే పని కాదని తేల్చాడు.

అవుతుందని నాకు తెలుసు. ఎందుకు తెలుసో చెప్పాలంటే మా వాడ సంగతి చెప్పాలి.

మా పక్క తాతల కాలంలో క్రీస్తుని నమ్ముకున్న కుటుంబాల్లో మనిషికి రెండు పేర్లుంటాయి. బాప్తిస్మంలో పెట్టేది ఒకటి, బడిలో రాయించేది ఇంకొకటి. చర్చిలో మరియమ్మ అయిన పిల్ల, బడి రికార్డులో మహాలక్ష్మి. దీనికి కారణం మోసం కాదు. రికార్డులో క్రైస్తవులని ఉంటే ఎస్సీ సర్టిఫికెట్ రాదు. అది లేకపోతే హాస్టల్ సీటు లేదు, రిజర్వేషన్ ఉద్యోగం లేదు. దేవుణ్ణి మార్చుకున్నంత మాత్రాన మా వాడ ఊరి మధ్యకి వచ్చిందా, హోటల్లో మాకు వేరే గ్లాసు పెట్టడం మానేశారా? ఏదీ మారలేదు. సర్టిఫికెట్ మాత్రం పోతుంది. అందుకని రెండు పేర్లు. బడిలో అయ్యవారికి తెలుసు, పాస్టరుగారికి తెలుసు, సంతకం పెట్టే ఆఫీసరుకీ తెలుసు. ఎవరూ ఎవరినీ అడగరు. అలా అడగకపోవడం మీదే మా వాడలో నలుగురు ఉద్యోగస్తులయ్యారు.

కాబట్టి పేరు చూసి మనిషిని పట్టుకోలేమని నాకు చిన్నప్పటి నుంచే తెలుసు. మరి దేన్ని చూడాలి? ఒక మధ్యాహ్నం చేతిరాత జాబితా ఎక్కిస్తూ ఉంటే తట్టింది. ఇంట్లో ఎంతమంది, పెద్దవాళ్ళ నుంచి చిన్నవాళ్ళ దాకా వాళ్ళ వయసులేంటి. యాభై, నలభై నాలుగు, ఇరవై రెండు, పందొమ్మిది, పదకొండు. పేరు ఏదైనా చెప్పుకోవచ్చు. పిల్లలు ఏ ఎడంతో పుట్టారన్నది మాత్రం మార్చుకోలేరు. ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అయినా సర్దుకునేలా చూస్తే, ఆ వయసుల వరసే కుటుంబానికి గుర్తు. పేరు అసలు చూడకూడదు. నోటుబుక్కులో రాసుకుని, పన్నెండు మధ్యాహ్నాల్లో ప్రోగ్రాం పూర్తిచేశాను. అంత సంతోషం నాకు తర్వాత ఏ ప్రమోషన్‌లోనూ కలగలేదు. అది మాత్రం నిజం.

ఇక అది సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలి. ప్రోగ్రామర్ ఒకసారి ఎవరికో చెబుతుంటే విన్నాను, ప్రోగ్రాంని పరీక్షించాలంటే జవాబు ముందే తెలిసిన లెక్క ఇవ్వాలని. దొంగ కార్డులెవరివో నాకేం తెలుసు? కానీ నాకు జవాబులు తెలిసిన లెక్క ఒకటి సెంటర్‌లోనే ఉంది. ఆ ఏడాది మా చర్చి వాళ్ళు సంఘ సభ్యుల పుస్తకం అచ్చు వేయించుకున్నారు. ఊరు, ఇల్లు, ఇంట్లోవాళ్ళ పేర్లు, వయసులు. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించింది నేనే. ఆ ఫ్లాపీ నా డ్రాయర్లోనే ఉంది. ఒక పక్క చర్చి పేర్లు, ఇంకో పక్క రేషన్ కార్డుల్లో రికార్డు పేర్లు. నా ప్రోగ్రాం సరైనదైతే మరియమ్మని తీసుకెళ్ళి మహాలక్ష్మి పక్కన నిలబెట్టాలి. అది నిజమో కాదో చెప్పగల మనిషిని ఆ సెంటర్ మొత్తం మీద నేనొక్కదాన్నే.

నేను ఏం చేస్తున్నానో తెలియక చేశానని ఇన్నేళ్ళలో కొందరికి చెప్పాను. అబద్ధం. ప్రోగ్రాం నడిపే ముందు దాంట్లో ఒక లైను కలిపాను. మా ఇంటి నంబరు వస్తే వదిలేసి ముందుకు పొమ్మని. మా తమ్ముడికి అప్పుడే రిజర్వేషన్లో ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. చేరి ఆరు నెలలు కాలేదు. మా పేర్లు ఆ కాగితం మీదికి రాకూడదని నాకు తోచింది. మా ఇంటికి తోచిన ఆ జాగ్రత్త మిగతా వాడకి తోచలేదు. తెలియక చేసినదాన్నయితే ఆ లైను రాసేదాన్ని కాదు గదా.

ప్రింటర్ కరకరమని పేజీ తర్వాత పేజీ వదిలింది. రెండు వరసల్లో రెండు పేర్లు. మా మేనత్త, ఆమె రెండో పేరు. పాస్టరుగారి తమ్ముడు, ఆయన రెండో పేరు. అక్క, అక్క రెండో పేరు. ఒక్కటీ తప్పలేదు. చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఆ కాగితాలని అక్కడే చింపేయాల్సింది. అప్పుడే ఓనరు మెట్లెక్కి వచ్చాడు. నేనే లేచి వెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఒక పేజీ చూసి, ఇంకో పేజీ చూసి, "ఇది నువ్వు రాసినావా అమ్మాయ్, నిజంగా?" అని అడిగాడు. అవునన్నాను. ఎల్లుండి ఆఫీసుకి నువ్వు కూడా రా అన్నాడు.

ఆ ఎల్లుండి నా జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు. అమ్మ దగ్గర మంచి చీర అడిగి కట్టుకున్నాను. ఆఫీసరు గదిలో ఆయన ముందు ఓనరు, ప్రోగ్రామర్, చివరి కుర్చీలో నేను. ఆ ఆఫీసులో అటెండరు ఒక పెద్దాయన, వరికుంటపాడు పక్క మా వాళ్ళే. నన్ను చూసి కళ్ళతోనే నవ్వి టీ తేవడానికి వెళ్ళాడు. మా వాడ పిల్ల ఆఫీసరు ముందు కుర్చీలో కూర్చోవడం ఆయనకి గర్వంగా ఉందని నాకు కనబడింది.

ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. ఒక్క పేరూ కలవడం లేదు, మరి ఇద్దరూ ఒకరేనని ఎట్లా అంటారని అడిగాడు. ఓనరు ప్రోగ్రామర్ వైపు చూశాడు. ప్రోగ్రామర్ మర్యాదగానే చెప్పాడు, ఇది మా టైపిస్టు సరదాగా చేసిందని, వయసులు ఎవరికైనా కలుస్తాయని, పేర్లే కలవనప్పుడు దీన్ని పట్టించుకోనవసరం లేదని. ఆఫీసరు కూడా తలాడించి కాగితాలు పక్కకి జరిపాడు. అక్కడితో అయిపోయేది. ఆ కాగితాలు ఆ టేబుల్ అంచు నుంచి చెత్తబుట్టలోకి పోయేవి. నేను నోరు మూసుకుని కూర్చుని టీ తాగి రావాల్సింది.

నాకు ఆ నవ్వు గుర్తొచ్చింది. హిస్టరీ వాళ్ళకి చెప్పినా అర్థం కాదన్న రోజు నేను నవ్విన నవ్వు. "ఒక్కటి కూడా తప్పు లేదు సార్" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. ఆఫీసరు, "ఎట్టా చెప్పగలవమ్మా?" అన్నాడు. తిట్టలేదు, బెదిరించలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"ఎడమ పక్కది మా చర్చి సభ్యుల పుస్తకం సార్. కుడి పక్కది రేషన్ జాబితా. మా వాళ్ళకి రెండు పేర్లుంటాయి. చర్చిలో ఒకటి, రికార్డులో ఒకటి. వీళ్ళంతా నాకు తెలిసినోళ్ళే. అందుకే ఖాయంగా చెప్తా ఉండా."

నేను మాట్లాడుతూ ఉండగానే అటెండరు టీ గ్లాసులు తెచ్చాడు. ఆఫీసరుకి, ఓనరుకి, ప్రోగ్రామర్‌కి పెట్టాడు. నాలుగో గ్లాసు ట్రేలోనే ఉంచుకుని వెనక్కి తీసుకెళ్ళిపోయాడు. అప్పుడు తెలిసింది నాకు, నేనేం మాట్లాడానో. ఆఫీసరు పక్కకి జరిపిన కాగితాలని మళ్ళీ దగ్గరికి లాక్కుని, ఈసారి నిదానంగా మొదటి పేజీ నుంచి చదువుతున్నాడు. పని మాకు వచ్చింది. బయటికొచ్చాక ఓనరు, వచ్చే నెల నుంచి నువ్వు టైపిస్టువి కాదు, ప్రోగ్రామర్‌వి అన్నాడు. నేను ఎగిరి గంతెయ్యాల్సిన మాట అది. మెట్లు దిగుతూ అటెండరు కోసం వెనక్కి చూశాను.

ఆ జాబితాలో ఉన్నవాళ్ళలో చాలామందిని ఎవరూ పిలవలేదు. కాగితాలు ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకి పోయి పడుకుంటాయి. కానీ ఆ నెలలోనే అక్క సర్టిఫికెట్లు తనిఖీకి అదే ఆఫీసుకి వచ్చాయి. ఆమె అప్పటికే ఎస్సీ కోటాలో టీచరు ఉద్యోగానికి సెలక్టయి ఉంది. చేజర్ల దగ్గర ఊళ్ళో పోస్టింగ్ అని కూడా అనుకున్నారు. రోజూ ఆ ఊరికి ఏ బస్సులున్నాయో కనుక్కుంటూ ఉండేది. పోస్టింగ్ ఆర్డరు రావాల్సిన చోట విచారణకి రమ్మని కాగితం వచ్చింది. విచారణలో ఆమె ముందు పెట్టింది నా ప్రింటవుటే. రెండు పేర్ల కింద ఎర్ర సిరాతో గీత.

అక్క నేరుగా మా సెంటర్‌కి వచ్చింది. మేడెక్కలేదు. కింద ఎరువుల బస్తాల పక్కన నిలబడి కబురు పంపింది. నేను దిగి వెళ్ళాను. ఇద్దరం బస్టాండుకి నడిచి, ఉదయగిరి బస్సు నిలిచే చోట సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం ఎండ. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, తను తాగి నాకిచ్చింది. చిన్నప్పటి నుంచి అంతే, ఏది తిన్నా తాగినా నాకు సగం.

"ఆ లిస్టు నువ్వే తీసినావంట. అటెండరు మామ చెప్పినాడు."

చెప్పాల్సిన మాట విచారణ కాగితం వచ్చిన రోజు నుంచే నా దగ్గర సిద్ధంగా ఉంది. "నేను తీయలేదక్కా. కంప్యూటర్ తీసినాది. మనం పేర్లిస్తే అదే చూసుకుంటది."

అక్క బస్సు వచ్చే వైపు ఒకసారి చూసి నా వైపు తిరిగింది. కోపం లేదు ఆమె మొహంలో. అర్థం కాని లెక్కని పిల్లలకి ఇంకోసారి విడమర్చి చెప్పే టీచరు మొహం అది.

"నాకు మొత్తం చూపిచ్చినారే. మన వీధి వీధంతా ఉండాది. మీ పక్కింటోళ్ళు ఉండారు, మీ ఎదురింటోళ్ళు ఉండారు. మీ ఇల్లొకటే లేదు. మీ కంప్యూటర్‌కి మీ నాయన పేరు తెలీదా?"

బస్సొచ్చింది. అక్క లేచి, సంచి సర్దుకుని ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికినా ఇటు చూడలేదు.

మర్నాడు నేను ఓనరుకి చెప్పకుండా ఆ ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసరుతో, నా ప్రోగ్రాం తప్పు సార్ అన్నాను. ఆ రోజు తొందరపడి చెప్పానని, నాకు కంప్యూటర్ చదువు లేదని, బి.ఏ. హిస్టరీ అని, టైపిస్టునని, నేను రాసినదాన్ని నమ్మి ఎవరి ఉద్యోగమూ ఆపొద్దని. మూడేళ్ళు ఎవరైనా అంటే రగిలిపోయిన మాటలన్నీ నేనే వరసగా అప్పజెప్పాను. ఆఫీసరు విన్నాడు. మంచి ఆఫీసరు, దేన్నీ తేల్చుకోకుండా వదలడు. అయితే చదువుకున్నవాణ్ణే అడుగుదాం అని ప్రోగ్రామర్‌ని ప్రోగ్రాం కాగితాలతో సహా పిలిపించాడు.

నాకు కొండంత ఆశ కలిగింది. అతనికి నేనంటే చులకన. నా ప్రోగ్రాం మీద మొదటి రోజే నమ్మకం లేదు. ఇది తప్పు అని ఒక్క మాటంటే చాలు. అనమని మనసులో దేవుణ్ణి కూడా వేడుకున్నాను.

అతను కుర్చీలో కూర్చుని మొదటి లైను నుంచి వేలు పెట్టి చదివాడు. ఒక పేజీ అయింది. రెండో పేజీలో వేలు ఒకచోట ఆగింది. మా ఇంటి నంబరున్న లైను. తలెత్తి నన్ను చూశాడు. "ఇదెందుకు?" అన్నాడు, మెల్లగా.

అక్కడ నిజం చెప్పేస్తే సరిపోయేది. నా ఇల్లు నేనే తప్పించాను, ఇది కంప్యూటర్ తీసిన జాబితా కాదు, నాకు తోచినట్టు తీసినది, దీనికి విలువ లేదు అని. ఆ జాబితా అక్కడే చచ్చిపోయేది. కానీ ఆఫీసరు అడిగే తర్వాతి ప్రశ్న నాకు తెలుసు. మీ ఇల్లు ఎందుకు తప్పించావు? తమ్ముడు కళ్ళ ముందు కనబడ్డాడు, కొత్త చొక్కా వేసుకుని ఆఫీసుకి బయల్దేరుతూ.

"టెస్టింగ్ కోసం పెట్టిన లైను. తీసేయడం మర్చిపోయినా" అన్నాను.

అతను నన్ను ఇంకొంచెంసేపు చూశాడు. అర్థమైందని నాకు అర్థమైంది. వేలు ఆ లైను దాటించి చివరిదాకా చదివి, కాగితాలు సర్ది ఆఫీసరు ముందు పెట్టాడు. "ఒక్క తప్పు లేదు సార్. ఆ రోజు నేనే తొందరపడి మాట్లాడినాను. నేను డిప్లొమా చేసినా గానీ నాకీ ఆలోచన రాలేదు. మేడం చాలా బాగా రాసినారు."

మేడం అన్నాడు. నేను మూడేళ్ళు అన్నం మానుకుని, బస్సు కుదుపుల్లో చదివి, ఆ మనిషి నోట వినాలని కలలుగన్న మాట. ఆ ఒక్క రోజు తప్ప ఇంకే రోజు విన్నా నా కడుపు నిండిపోయేది. వరండాలోకి వచ్చాక అతను ఆగి, "ఆ లైను నేను చూడలేదనుకోండి" అన్నాడు. నాకు మేలు చేశాననే అనుకున్నాడు పాపం. అతని మీద నాకు కోపం లేదు. చదవమంటే నిజాయితీగా చదివి, నా కోసం వదిలిన ఆ ఒక్క లైను తప్ప, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ గదిలో ఆ పని చేసినవాడు అతనొక్కడే.

అక్క పేరు సెలక్షన్ లిస్టు నుంచి తీసేశారు. డిప్లొమా ఉన్న మనిషి సరిచూశాడని ఫైల్లో రాసి మరీ తీసేశారు. ఆ పని చూసే తర్వాత నెల్లూరులో నాకు పెద్ద ఉద్యోగం ఇచ్చారు. ఇంటర్వ్యూలో చదువు గురించి అడగలేదు. ఆత్మకూరులో ఆ ప్రోగ్రాం రాసింది మీరేనా అని అడిగారు. అవునన్నాను.

అక్క ఉదయగిరిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరి, మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు పాఠాలు చెప్పింది. ఇప్పటికీ వెళ్తే తలుపు తీస్తుంది, కూర్చోబెట్టి అన్నం పెడుతుంది, తమ్ముడి యోగక్షేమాలు అడుగుతుంది. తమ్ముడు పెద్ద హోదాలో ఉన్నాడని చెబితే, నిజంగానే సంతోషిస్తుంది. వాళ్ళ బడికి కంప్యూటర్లు వచ్చిన ఏడాది పిల్లలకి నేర్పడానికి మనిషి దొరకలేదని ఎవరో అంటే, ఆదివారాలు నేనొస్తానక్కా అని ఫోను చేశాను. వద్దులేమే అంది. నెమ్మదిగానే అంది. మా పిల్లోళ్ళ పేర్లు నీకెందుకు అంది.